నిద్రపట్టడం వేరు, నొప్పి తగ్గడం వేరు

నేను మత్తు డాక్టర్ని. నా మాటలకు ఎవరికైనా కునుకు వస్తే వృత్తి అలవాటని సరిపెట్టుకోండి.

పొద్దున టిఫిన్ దగ్గర మా బ్యాచ్ వాళ్లు మాత్రల సంచులు విప్పారు. మోకాళ్లకు ట్రమడాల్, నిద్రకు ఆల్ప్రజోలం. రెండూ ఒకే సంచిలో ఉన్నవాళ్లు ఇద్దరు కనిపించారు. అందుకే రాసుకొచ్చిన కాగితాలు పక్కనపెట్టి ఇదే చెబుతాను.

మెదడులో గాబా అనే రసాయనం ఉందని 1950లో కనుక్కున్నారు. దాని పని మన క్లాస్ లీడర్ పనే: అల్లరి చేసే నాడీకణాన్ని ‘ఊరుకో’ అనడం. ఆల్ప్రజోలం, డైజీపాం ఆ లీడర్ మాటకు బలమిస్తాయి. థియేటర్లో మేమిచ్చే, పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ కూడా ముఖ్యంగా అక్కడే పనిచేస్తుంది. క్లాసు సద్దుమణుగుతుంది, నిద్ర వస్తుంది. మరి నొప్పో? ప్రొపొఫాల్ ఒక్కటే ఇచ్చి కత్తి పెడితే, మనిషికి తెలియకపోయినా గుండె వేగం పెరుగుతుంది, బీపీ లేస్తుంది. నొప్పి కబురు శరీరానికి అందుతూనే ఉందన్నమాట. అందుకే దానికి ఫెంటనిల్ లాంటిది విడిగా ఇస్తాం.

మార్ఫిన్ సంగతి ఇంకా తమాషా. నడిమెదడులో చిన్న బూడిదరంగు ప్రాంతం ఒకటుంది. 1969లో రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు అక్కడ కరెంటు పెట్టి, మత్తు లేకుండానే పొట్ట కోసి చూపించాడు. ‘నొప్పి కబుర్లు పైకి పంపకు’ అని వెన్నుపాముకు ఉత్తర్వు వెళ్లేది ఆ గదినుంచే. మామూలుగా ఆ గదిని గాబా లీడర్ నోరు మూయించి ఉంచుతాడు. మార్ఫిన్ చేసే పనుల్లో ఒకటి, ఆ లీడర్‌నే ఊరుకోబెట్టడం. వెన్నుపాములోకి వస్తే లెక్క మళ్లీ తిరగబడుతుంది. అక్కడ నొప్పిని అడ్డుకునే కాపలాదారుల్లో గాబా ఒకటి. అన్నట్టు, గాబాపెంటిన్ పేరు చూసి మోసపోకండి. పేరులోనే గాబా ఉంది, అది పనిచేసేది కాల్షియం దారుల మీద.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా నాన్నగారికి తుంటి విరిగింది. ఆపరేషన్ అయిన రాత్రి ఆయన మూలుగుతుంటే నేనే డైజీపాం ఇంజెక్షన్ చేయించాను. మూలుగు ఆగింది. నాన్న హాయిగా పడుకున్నారని అమ్మకు చెప్పాను కూడా. తెల్లారి ఆయన నన్ను పోల్చుకోలేదు. మధ్యాహ్నానికి తెలివి కుదురుకున్నాక, ‘రాత్రంతా నొప్పేరా, చెబుదామంటే నోరు రాలేదు’ అన్నారు.

ఇప్పుడు అసలు భయం. మార్ఫిన్, ట్రమడాల్ నల్లమందు కుటుంబంవి. ఇవి ఊపిరిని మందగింపజేయగలవు. నిద్రమాత్ర తోడైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ రెండు రకాల మందుల మీదా, కలిపి వాడటం గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. గురక పెట్టేవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సాయంత్రం గ్లాసు ఎత్తే మిత్రులూ వినండి, సారా కూడా గాబా పక్షమే.

అలాగని ఇంటికెళ్లి ఆల్ప్రజోలం ఒక్కసారిగా మానేయకండి. చాన్నాళ్లు వాడినవాళ్లకు ఫిట్స్ రావచ్చు. డాక్టరుతో మెల్లగా తగ్గించుకోవాలి. మోకాళ్ల డాక్టరుకు నిద్రమాత్ర సంగతి, నిద్రమాత్ర రాసిన డాక్టరుకు మోకాళ్ల సంగతి చెప్పండి.

భోజనాలయ్యాక టెన్త్ బి గదిలో కూర్చుంటాను. సంచులు తెచ్చుకుని రండి.