మండలమునకు విపత్తుల లెక్క

2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను, తోటలను, విద్యుత్ స్తంభములను నేలగూల్చుట మీరు మరచియుండరు. అనకాపల్లి జిల్లాలో, సముద్రము కంటికి కానరాని మాకవరపాలెమువంటి మండలమునకు సైతము ఆపద యెంతటిదో గణించుటకు గాలివానల చరిత్ర మొక్కటియే చాలదు. ఇండ్లు పూరివా, పెంకులవా, స్లాబువా, చెరువుగట్టునకు గండిపడినచో నీరు ముందుగా ఏ వీధిని ముంచును, మంచము పట్టిన వృద్ధులను మోసికొనిపోవువారెవ్వరు అను ప్రశ్నల కుత్తరములు కావలెను. నా యభిప్రాయమున కడపటిదే అన్నిటికంటె ముఖ్యము. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము, కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ప్రణాళికను రచించి, ఏటేట సమీక్షింపవలెను. గట్టు బలహీనమైన తావులు మాత్రము ఊరివారికే తెలియును. కావున ఆ ప్రణాళికకై అడుగవచ్చినవారికి ఆ తావులను తప్పక చూపుడు.