రంధ్రం అంటే తొమ్మిది



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పడిందో ఆ మాస్టారు మాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారు. ఒక మధ్యాహ్నం పాఠం పక్కన పెట్టి ఒక చంపకమాల చదివారు. పావులూరి మల్లనదని చెప్పుకునే పద్యం అది. "ఇందులో ఒక సంఖ్య దాక్కుంది, పట్టుకోండిరా" అన్నారు.

చదరంగపు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు గింజలంటూ రెట్టిస్తూ పోతే 64 గళ్లకీ కలిపి ఎంతవుతుందో చెప్పే పద్యం. అంకెలకు బదులు మాటలుంటాయి. మన్మథుడి బాణాలు అయిదు కనక శరమంటే 5. చంద్రుడు 1, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానంలో మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. వచ్చే సంఖ్య 18446744073709551615.

ఇన్ని గింజలు ఎన్ని గాదెలు నింపుతాయన్న కబుర్లు మీరు వినే ఉంటారు, వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది దీని లోపలి కట్టుబడి. ముందు గళ్లన్నీ కలిపినా తర్వాతి గడికి ఒకటి తక్కువే: 1, 2, 4 కలిపితే 7, తర్వాతి గడి 8. కాబట్టి మన మొత్తం 2⁶⁴ − 1. ఆ ఒకటి తగ్గడంలోనే ఉంది సొగసంతా. 2⁶⁴ను ఎంత విప్పినా రెండ్లే రాలతాయి. ఒకటి తీసేశామా, బడిలో నేర్చిన వర్గాల భేదం సూత్రంతో మడత మీద మడత విడిపోతుంది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఈ వరసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధానాలేనని ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదూ ఆయన మాట నిలబెట్టాయి. ఆ అయిదింటినీ గుణిస్తే 4294967295. అన్ని భుజాల క్రమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చని గాస్ సిద్ధాంతం చెబుతుంది. అంతకన్నా పెద్ద బేసి సంఖ్య అలాంటిది ఇంతవరకు దొరకలేదు. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విరగ్గొట్టాడు: 641 × 6700417.

641 ఎందుకు భాగిస్తుందో బోర్డు మీద రెండు వరసల పని. 641 అంటే 5 × 2⁷ + 1. అదే 5⁴ + 2⁴ కూడా. 641తో భాగించే లెక్కలో మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ విలువ −1, దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸ విలువ 1. రెండో రూపం 5⁴ స్థానంలో −2⁴ పెట్టమంటుంది. అప్పుడు −2³² విలువ 1, అంటే 2³² + 1 విలువ సున్నా. భాగహారమే చేయలేదు, శేషం లేదని తేలిపోయింది!

మళ్లీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. పద్యం విప్పి పలక చూపించాను. అంకెల మొత్తం 78 వచ్చింది, మూడుతో పోతుంది. చివర 5 ఉంది. సరిపోయిందనుకున్నాను. "పదిహేడుతో కొట్టి చూడు" అన్నారు మాస్టారు. చెమటలు కక్కుతూ భాగించాను. శేషం 4 మిగిలింది. ఒక్క అంకె తప్పితే మూడు, అయిదు ఒక్కోసారి పట్టుకోలేవు, పదిహేడు మాత్రం తప్పకుండా పట్టేస్తుంది.

పద్యంలోని రంధ్రమంటే చిల్లే కదా అని సున్నా పెట్టేశాను. మాస్టారు నా చెవి పట్టుకున్నారు. "ఇదొకటి, రెండోది రెండు..." అని నాచేతే లెక్కపెట్టించారు. ఒంటికి నవరంధ్రాలు. చివరి ఆరు అంకెల ముందుండే ఆ చోట తొమ్మిది వేసి మళ్లీ భాగించాను: 1085102592571150095. ఏమీ మిగల్లేదు.