నాయన జ్వరానికి పేరు పెట్టిందెవరు?
(కలమల్ల దళితవాడలో జరిగిన ఆరోగ్య సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



పొద్దంతా పని చేసి వచ్చి కూర్చున్నారు. సుత్తి లేకుండా చెప్తాను. ఈ రాత్రి జ్వరం గురించి మాట్లాడుకుందాం.

మా నాయన నాపరాళ్ల గనిలో రాయి కొట్టేవాడు. దగ్గు, సాయంత్రమైతే జ్వరం. ప్రొద్దుటూరులో ఒక డాక్టరు రక్తం తీయించి 'టైఫాయిడ్' అన్నాడు. సూదులు, సెలైన్లు. ఆర్నెల్లకు మళ్లీ టైఫాయిడే. ఇంకోసారీ టైఫాయిడే! మా అమ్మ కమ్మలు పోయినాయి, రెండు పొట్టేళ్లు పోయినాయి. ఆఖరికి ఎవరో తెమడ పరీక్ష చేయించినారు. క్షయ. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ రక్తపరీక్ష పేరు విడాల్. 1896 నాటిది. పాత జ్వరం ఆనవాళ్లున్నా, వేరే జ్వరమున్నా అది 'ఉంది' అని చూపించొచ్చు. ఒక్కసారి చేసిన విడాల్‌తో టైఫాయిడ్ అని ఖాయం చేయకూడదు. అయినా మన వాడలో టైఫాయిడ్ రాని ఇల్లు ఒకటి చూపించండి!

ఈ ఊరి గుడిలో తెలుగు శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిది, దొరికిన వాటిలో మొట్టమొదటిదని పండితులు చెప్తారు. రాతి మీద తెలుగు చెక్కిన ఊర్లో మా నాయన చేతికిచ్చిన చీటీ మాత్రం ఇంగ్లీషు. అది చదివేవాడు మా ఇంట్లో అప్పటికి లేడు.

ఇప్పుడు వేలికొన నుంచి ఒక చుక్క తీస్తే పావుగంటలో, ఇరవై నిమిషాల్లో మలేరియా తెలుస్తుంది. డెంగీకీ ఇట్లాంటి కిట్టు ఉంది, జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు చేయాలి. 2019 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం సబ్ సెంటర్‌లో 14 రకాల పరీక్షలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 63 ఉచితంగా చేయాలి. ఇది ఎవరి దయా కాదు.

క్షయకు ట్రూనాట్ అనే మిషను ఉంది. మన దేశంలోనే, గోవా కంపెనీ చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒప్పుకుంది. గంటా రెండు గంటల్లో క్షయ ఉందా, ముఖ్యమైన రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా రెండూ చెప్తుంది. కరోనా వస్తే అదే మిషను దానికీ వాడినారు. పెద్దోళ్లకూ అంటే రోగానికి మిషన్లు ఎంత వేగంగా కదిలినాయో చూసినారు కదా! రాతిదుమ్ము మింగిన ఊపిరితిత్తులకు క్షయ తొందరగా పడుతుంది. రెండు వారాలు దగ్గితే తెమడ ఇవ్వండి, సిగ్గుపడొద్దు. క్షయ అని తేలినవాళ్లకు మందులు ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది.

ఒక హెచ్చరిక. కిట్టు 'లేదు' అన్నంత మాత్రాన రోగం లేదని కాదు. జ్వరం తగ్గకపోతే మళ్లీ పోండి. ఇంకొకటి, హెచ్ఐవి పరీక్ష మనల్ని అడక్కుండా చేయకూడదు, ఫలితం బయటికి చెప్పకూడదు. 2017లో చట్టమే వచ్చింది. వాడలో ఒకరి చీటీ ఇంకొకరి నోట్లో నానితే ఆ మనిషి బతుకు ఏమైతుందో మీకు నేను చెప్పాల్నా?

సోమవారం పొద్దున కూలికి పోకముందు సబ్ సెంటర్ కాడికి పోదాం. ఏఎన్ఎం అమ్మ మీద అరవొద్దు, ఆమె కూడా జీతానికి పనిచేసే మనిషే. కిట్లు ఎన్ని ఉన్నాయి, వాటి మీద తేదీ ఎంతవరకు ఉంది, తెమడ డబ్బాలు ఉన్నాయా అని అడుగుదాం. మన ఏడో తరగతి ఆడపిల్లలు ఇద్దరు నోటుబుక్కు తెస్తారు. జవాబులు వాళ్లే రాసుకుంటారు, తెలుగులో.