పసుపు జెండా, వేపమండ

పరదేశం నుంచి వచ్చిన ఓడ విశాఖ రేవులోకి రావాలంటే పసుపు జెండా ఎగరేయడం ఆనవాయితీ. ‘మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, అనుమతి ఇవ్వండి’ అని దాని భాష. పోర్టు ఆరోగ్యాధికారులు సరేనన్నాకే మనుషులు దిగేది.

ఊళ్లో ఇళ్లకూ ఇలాంటి జెండా ఒకటుంది. ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. అది చూసిన ఇరుగుపొరుగు లోపలికి అడుగుపెట్టరు. గుమ్మానికున్న వేపాకు వైరస్‌ను చంపదు గానీ, రాకపోకలను ఆపుతుంది. పెద్దల ఈ పద్ధతి మెచ్చదగినదే. చిక్కల్లా మండ కట్టేసరికే ఆలస్యం కావడం. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ పక్కవారికి అంటడం మొదలవుతుంది, చివరి పొక్కు చెక్కు కట్టేదాకా ఆగదు. అందుకే ఆ బిడ్డతో ఆడుకున్న పిల్లలను మూడు వారాలు కనిపెట్టి ఉండాలి. ఆ ఇంటికి వెళ్లొచ్చిన గర్భిణికి ఇదివరకు ఆటలమ్మ రాకపోయి ఉంటే, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఆచారంలో వదులుకోవాల్సినవీ ఉన్నాయి. స్నానం మాన్పించడం, చప్పిడి పథ్యంతో బిడ్డను నీరసపెట్టడం తగదు. గోరువెచ్చని నీళ్లతో స్నానం, కడుపునిండా భోజనం, కత్తిరించిన గోళ్లు కావాలి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, పిల్లలకు ఆస్పిరిన్ ప్రమాదం. పెద్దవారికి సోకితే న్యుమోనియా భయం ఎక్కువ కనుక, పొక్కులు కనిపించిన 24 గంటల్లో వైద్యుణ్ణి కలవాలి.

తట్టు ఇంకా గడుసుది. రోగి గది విడిచి వెళ్లిన రెండు గంటల దాకా దాని వైరస్ గాలిలో నిలిచి ఉంటుంది. 9 నెలలు నిండగానే ఒకసారి, 16–24 నెలల మధ్య మరోసారి ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ టీకాను ఏ తల్లీ వదులుకోకూడదు.

2023 వర్షాకాలంలో కండ్లకలక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులను చుట్టేసింది. చూస్తేనే అంటుతుందని జనం నల్లద్దాలు పెట్టుకున్నారు. అది చూపుతో అంటదు. కన్ను నులిమిన చేతితోనూ, ఒకే తువ్వాలుతోనూ అంటుతుంది.

ఊపిరి విలువ విశాఖ నగరానికి ఒకరు చెప్పక్కర్లేదు. కోవిడ్ రోజుల్లో, 2021 ఏప్రిల్ 22న ఇక్కడి ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ నింపుకున్న ఏడు ట్యాంకర్లతోనే తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. ఆ కర్మాగారానికి దగ్గుతో షిఫ్టు బస్సెక్కే కార్మికుడు మాస్కు పెట్టుకుంటే పక్కసీటువారి ఇల్లు కూడా క్షేమం.

రేపు పరీక్ష ఉందని జ్వరంతో ఉన్న బిడ్డను బడికి పంపకండి. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుంటే, అప్పుడు పంపండి.