సంతకం వేరు, సమ్మతి వేరు

(వచ్చే వేసవిలో భద్రాచలం ఏజెన్సీ గ్రామాల్లో స్త్రీల ఆరోగ్య శిబిరం పెట్టాలన్న ప్రతిపాదన మీద మన వేదిక సమావేశంలో చర్చకు ముందు, సభ్యురాలైన ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం ఇది.)



శిబిరం ప్రతిపాదన పూర్తిగా చదివాను. డాక్టర్లెంతమంది, మందులెన్ని, ఖర్చెంత, అన్నీ వివరంగా ఉన్నాయి. శిబిరానికి వచ్చిన స్త్రీ "నాకు వద్దు" అంటే మనం ఏం చేస్తామన్నది మాత్రం ఎక్కడా లేదు. ఈ పూట ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

జె-1 వీసా మాఫీ కింద ఇక్కడి ఆదివాసీ రిజర్వేషన్ల దగ్గరి ఆసుపత్రులకు వచ్చిన భారతీయ డాక్టర్లు చాలామందే ఉన్నారు. నేనూ అలా వచ్చి అక్కడే స్థిరపడిన దాన్ని. మేం పనిచేసే చోట కొందరు ముసలమ్మలు మనవరాళ్ళను కాన్పుకు ఒంటరిగా పంపరు, పక్కనే కూచుంటారు. వాళ్ళకు డాక్టర్ల మీద అపనమ్మకం ఎందుకని మనవాళ్ళు అడుగుతుంటారు. జవాబు కోసం 1970ల చరిత్ర చూడాలి.

1972లో లాస్ ఏంజెలెస్‌లో కోనీ పింకర్టన్-యూరి అనే ఆదివాసీ వైద్యురాలి దగ్గరికి 26 ఏళ్ళ యువతి వచ్చి, గర్భసంచి మార్పిడి చేయమని అడిగింది. ఇరవయ్యో ఏట ప్రభుత్వ ఇండియన్ హెల్త్ సర్వీస్ డాక్టరు ఆమె గర్భసంచి తీసేశాడు. కావాలంటే తర్వాత మళ్ళీ పిల్లలు పుడతారనే ఆమె అనుకుంది. ఇలాంటి కథలు ఒక్కొక్కటిగా బయటికి రావడంతో దక్షిణ డకోటా సెనేటర్ జేమ్స్ అబౌరెజ్క్ విచారణ కోరారు. ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 1976లో నివేదిక ఇచ్చింది. ఆ సర్వీసుకున్న పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటినే పరిశీలిస్తే, 1973 నుంచి 1976 వరకు 3,406 సంతాన నిరోధక శస్త్రచికిత్సలు లెక్క తేలాయి. 21 ఏళ్ళలోపు వారికి ఆపరేషన్ చేయకూడదన్న నిషేధం అమల్లో ఉండగానే 36 మందికి చేశారు. వాడిన సమ్మతి పత్రాలు చాలావరకు నిబంధనలకు తగ్గట్టు లేవు. కాదన్నా ప్రభుత్వ సాయం ఆగదని నోటితో చెప్పినట్టు దాఖలా లేదు. తనిఖీ చేసినవాళ్ళు ఆ స్త్రీలలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. కాగితాలు చూసి నివేదిక రాశారు.

దాదాపు అవే సంవత్సరాల్లో మన దేశంలో ఎమర్జెన్సీ నడిచింది. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఇక్కడైనా అక్కడైనా పేదలకు పిల్లలెంతమంది ఉండాలో తామే నిర్ణయించాలనుకున్న ప్రభుత్వాల తర్కం ఒక్కటే.

ఇక్కడ పోరాటాల ఫలితంగా 1978లో కొత్త నిబంధనలు వచ్చాయి. 21 ఏళ్ళు నిండాలి. సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య 30 రోజులు గడవాలి. నొప్పులు పడుతున్న స్త్రీ దగ్గర సంతకం తీసుకోకూడదు. భాష రాకపోతే దుబాసీ ఉండాలి. ఈ రక్షణ అవసరమే. కానీ ఇప్పుడు దీనికి ఇంకో వైపు కూడా కనబడుతోంది. మెడికెయిడ్ మీద ఉన్న స్త్రీ తనంతట తాను ఆపరేషన్ కోరుకున్నా, ఆ పత్రం సమయానికి పూర్తికాకపోతే కాన్పు తర్వాత ఉత్త చేతులతో ఇంటికి పోవాల్సి వస్తుంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నామెకు ఈ ఫెడరల్ గడువు లేదు.

బలవంతంగా చేయడమూ, అడిగినా చేయకపోవడమూ పైకి వేరు వేరుగా కనిపిస్తాయి. రెండింటిలోనూ నిర్ణయం ఆమె చేతిలో లేదు. దీనికి మన పక్క రాష్ట్రమే ఉదాహరణ. 1979లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా వంటి ఆదివాసీ తెగల వారికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకుండా ఉత్తర్వు ఇచ్చింది. వాళ్ళ జనాభా తగ్గిపోతోందన్నది కారణం. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోనూ అదే కొనసాగింది. అయిదారు కాన్పులై నీరసించిన తల్లి వచ్చి అడిగినా పొమ్మన్నారు. ఆ రాష్ట్రంలోనే 2014 నవంబరులో బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు. వారిలో ఒక బైగా మహిళ కూడా ఉంది. ఒక్క శిబిరంలోనే కొద్ది గంటల్లో 83 మందికి కోశారు. 2016లో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపేయమంది. బైగా తెగవారు కోర్టుకెక్కగా, 2018లో హైకోర్టు 1979 ఉత్తర్వును కొట్టేసింది.

ఇక మనం వెళ్ళబోయే చోటి సంగతి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి, 14 వేల మందికి పైగా బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకాలు వేయించింది. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు వీరిలో చాలామంది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. వైద్యురాలిగా ఆ టీకా మంచిదనే నేనూ చెబుతాను. అయితే 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క చూడండి. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కూలికి పోయిన తల్లికి తన కూతురికి ఏం సూది వేశారో తెలియదు. మందు మంచిదైనంత మాత్రాన అడగకుండా వేయడం మంచిదైపోదు. అలా వేస్తే, రేపు నిజంగా అవసరమైన మందును కూడా జనం నమ్మరు.

"మనం డబ్బు, సమయం ఖర్చుపెట్టి ఉచితంగా చేస్తున్నాం కదా, ఇన్ని ప్రశ్నలెందుకు?" అని ఒక మిత్రుడన్నారు. ఉచితం కాబట్టే అడుగుతున్నాను. డబ్బిచ్చే రోగి డాక్టరును మార్చుకోగలదు. ఊరికి ఏడాదికోసారి వచ్చే డాక్టరును కాదనడం ఆమెకెంత కష్టమో ఆలోచించండి. పక్కన ప్రభుత్వోద్యోగి నిలబడి ఉంటే మరీ కష్టం.

అందుకని ప్రతిపాదనలో ఈ నాలుగు షరతులు చేర్చమని కోరుతున్నాను.

ఒకటి, శిబిరంలో ఆపరేషన్లు, లూప్ వేయడం, ఇంప్లాంట్లు ఉండకూడదు. కావాలన్న స్త్రీకి దగ్గరి ఆసుపత్రి వివరాలు చెప్పి, వెళ్ళిరావడానికి ఖర్చిద్దాం. భర్త సంతకం తెమ్మని అడగొద్దు, భారత ప్రభుత్వ ప్రమాణాలు కూడా అడగవు.

రెండు, కోయ భాష మాట్లాడే స్త్రీలనే దుబాసీలుగా పెట్టి, వారికి జీతమివ్వాలి. తెలుగు వస్తే చాలదు. పరీక్ష బల్ల ఎక్కించాక కాదు, ఎక్కకముందే ఏం చేయబోతున్నామో చెప్పి అడగాలి.

మూడు, ఆడపిల్లల విషయంలో తల్లో తండ్రో స్వయంగా రావాలి. వార్డెను సంతకం చెల్లదు. పిల్ల వద్దంటే తల్లి సంతకం ఉన్నా ఆగాలి.

నాలుగు, పరీక్ష వద్దన్న స్త్రీకి కూడా దుప్పటి, మందులు ఇవ్వాలి. ఎంతమందికి పరీక్ష చేశామన్న లక్ష్యం పెట్టుకోవద్దు. ఫొటోలు అసలే వద్దు.

వీటివల్ల మన వార్షిక నివేదికలో అంకె చిన్నదవుతుంది, నిజమే. వెయ్యిమందికి బదులు రెండొందల మందే రావచ్చు. కానీ ఆ రెండొందల మంది మరుసటి ఏడు మళ్ళీ వస్తారు, ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తారు.

షరతులు చేరిస్తే డాక్టర్ల జాబితాలో మొదటి పేరు నాదే రాసుకోండి. చేర్చకపోతే, దయచేసి ఆ శిబిరం పెట్టొద్దు.