వంగిన నడుములు



లూకా 13లో, 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు ప్రభువు విశ్రాంతిదినాన్నే స్వస్థపరిచాడు. రేపటికి వాయిదా వేయలేదు.

వెన్నుపూసల మధ్య డిస్కు అరిగితే, కొన్నిసార్లు పూసలను కలిపి బిగించే ఆపరేషన్ చేస్తారు. అక్కడ కదలిక పోతుంది. 1980లలో తూర్పు బెర్లిన్ షారిటే ఆసుపత్రి వైద్యులు కరీన్ బ్యూట్నర్-యాంజ్, కుర్ట్ షెల్నాక్ రెండు లోహపు పలకల మధ్య ప్లాస్టిక్ బిళ్ల అమర్చి, నడుము కదిలేలా కృత్రిమ డిస్కు తయారుచేశారు.

అది అందరికీ సరిపడదు, ఖరీదూ ఎక్కువే. బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల నడుములకు ఇలాంటి వైద్యం ఎప్పుడు అందుతుంది? మన సంఘాలు వాళ్లతో కలిసి అడగాలి: బరువు తగ్గించే బండ్లు, జీతంతో సెలవు, డాక్టరు చెబితే ఆపరేషన్ ఖర్చు. వాళ్ల కోసం ప్రార్థిద్దాం. వాళ్ల అర్జీ మీద మనమూ సంతకం పెడదాం.