నీటి కొలతయే కాంక్రీటు బలము

వనపర్తి జిల్లాలో మదనాపురము చెంత సరళాసాగరమను జలాశయము కలదు. వనపర్తి సంస్థానాధిపతి రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి పేర తలపెట్టిన ఈ నిర్మాణము 1949లో ఆరంభమై 1959లో ముగిసినది. వరద వచ్చినపుడు ఇచ్చట తలుపులెత్తు మనిషితో పనిలేదు. నీరు నిండుమట్టమును దాటగానే సైఫనులు తమంతట తామే దానిని లాగి దిగువకు విడుచును. మట్టము తగ్గగానే గాలి లోనికి చొచ్చి ప్రవాహము నిలిచిపోవును.

ఈ ఏర్పాటునకు ప్రాణము గాలి చొరనీయని కాంక్రీటు. సైఫను పైకప్పులో పగులు ఏర్పడి గాలి దూరినచో దాని లాగుడు శక్తి సన్నగిల్లును. కనుక ఇచ్చట కాంక్రీటు బరువు మోసినంత మాత్రమున చాలదు. సందు లేకుండ కూడ నుండవలెను. నీటికి దారి దొరికినచో ఏమగునో ఈ జలాశయమే చూపినది. 2019 డిసెంబరు 31న దీని మట్టికట్టకు గండిపడి నీరంతయు పోయినది. కట్టను పిమ్మట మరల నిర్మించిరి.

కాంక్రీటునకు అట్టి చిక్కదనము ఎట్లు వచ్చును? సిమెంటు ఎండి గట్టిపడునని మనలో చాలమంది తలంతురు. అది సరికాదు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. అందుకు సిమెంటు బరువులో సుమారు నాలుగవ వంతు నీరు చాలును. కలుపుటకు, పోయుటకు వీలుగా నుండుటకై మరికొంత చేర్చుదుము. ఆ మిగులు నీరు ఆవిరియైన చోట సూక్ష్మరంధ్రములు మిగులును. వానిగుండ తేమయు గాలియు చొచ్చి ఇనుపకమ్మిని త్రుప్పు పట్టించును. త్రుప్పు ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును.

అమెరికా పరిశోధకుడు డఫ్ ఏబ్రమ్స్ అనేక పరీక్షలు జరిపి, కాంక్రీటు బలము ముఖ్యముగా నీటికిని సిమెంటునకును గల నిష్పత్తిని బట్టి యుండునని 1918లో ప్రకటించెను. నేటికిని పరిశోధనాలయములలో 15 సెంటీమీటర్ల ఘనములు పోసి, 28 దినములు నీటిలో నుంచి, యంత్రమున నొక్కి పగులగొట్టి ఆ బలమును కొలుచుచున్నారు.

సిమెంటు నొక్కదానినే నమ్ముకొన నవసరము లేదనియు పరిశోధన తెలిపినది. రాజోలిబండ కాలువ ద్వారా గద్వాల, అలంపురము సీమకు వచ్చునది తుంగభద్ర నీరు. ఆ నదిపై ఎగువన హోస్పేట చెంతనున్న ఆనకట్టను రాతితోను, సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతోను కట్టిరి. సుర్కీ యనగా కాల్చిన మట్టిపొడి. అది సున్నముతో కలిసి నీటిలోను గట్టిపడును. నేడు అదే పనిని బొగ్గుబూడిద చేయుచున్నది. గద్వాలకు పొరుగుననున్న రాయచూరు జిల్లాలో శక్తినగరమందలి విద్యుత్కేంద్రము వంటివానిలో మిగులు బూడిద యది. మన ప్రమాణముల ప్రకారము సిమెంటులో దీనిని 15 నుండి 35 శాతము వరకు కలుపవచ్చును. అట్టి సిమెంటు మెల్లగా బలము పుంజుకొనును. కనుక దానికి తడి ఎక్కువ దినములు కావలెను.

ఈ విషయము ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. నాగార్జునసాగరము మొదలు దేశమున ఎన్నో ఆనకట్టలకు పాలమూరు కూలీలు చెమటోడ్చిరి. వలసపోయి కూడబెట్టిన సొమ్ముతో నాగర్‌కర్నూలు పల్లెలలో ఇల్లు కట్టుకొనువారెందరో కలరు. స్లాబు వేయునాడు మాలు గట్టిగా నున్నది, పార సాగుటలేదని మరొక బిందెడు నీరు గ్రుమ్మరింతురు. పని సులువగును; ఇంటి ఆయుస్సు తరుగును. వానకు తడియు కాంక్రీటులో నీరు సిమెంటు బరువులో సగము మించరాదు. అనగా 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. ఇసుకలోని తడిని సైతము ఇందులోనే లెక్కింపవలెను.

స్లాబు పోసిన పిదప మన యెండలు దాని తడిని త్వరగా పీల్చును. మామూలు సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటునకును, వేడిగాలులు వీచు వేసవిలోను కనీసము 10 దినములు తడి ఆరనీయరాదని ప్రమాణము. స్లాబుపై మట్టిగట్లు వేసి నీరు నిలుపుట, స్తంభములకు తడిగోనెలు చుట్టుట ఖర్చు లేని పనులు. కలుపునపుడు నీటిని కొలిచి పోయుడు; పోసిన పిదప తడికి లోటు రానీయకుడు. పరిశోధకుని శ్రమ మీ ఇంటి కప్పునకు ఉపకరించునది ఈ రెండు పనులవలననే.